హేజీయా, పిల్స్‌నరా, స్టౌటా: అమెరికా క్రాఫ్ట్ బీర్లలో మీకు ఏది?

ఊళ్ళో వైన్ షాపు కిటికీ దగ్గర "ఒక లైటు, రెండు స్ట్రాంగు" అంటే పని అయిపోయేది. అమెరికాలో బీరు అరల ముందు నిలబడితే ఆ లెక్క పనికిరాదు. డబ్బాల మీద పుర్రెలు, పిల్లులు, రాకెట్లు. బొమ్మ కింద ఐపీఏ, గోసె, పోర్టర్, ఇంపీరియల్ స్టౌట్ అంటూ పేర్లు. వచ్చిన కొత్తలో నేను బొమ్మ నచ్చితే కొనేవాణ్ణి. తరవాత తెలివి ఎక్కువై ఫోన్లో రేటింగులు చూసి కొనడం మొదలుపెట్టాను. ఎక్కువ డబ్బు తగలేసింది ఆ రెండో కాలంలోనే.

అన్‌టాప్డ్ లాంటి యాప్‌లో జనం అయిదుకి ఇన్ని అని మార్కులు వేస్తారు. పై వరసలో ఎప్పుడు చూసినా బర్బన్ విస్కీ పీపాల్లో మగ్గిన నల్లటి స్టౌట్లు, మామిడిరసంలా చిక్కటి డబుల్ ఐపీఏలు (ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ పూలు దండిగా వేసి కాసే బీరు; డబుల్ అంటే ఇంకా గట్టిది). లేతరంగు, తేలికపాటి పిల్స్‌నర్ ఎంత మంచిదైనా వాటి దరిదాపులకు రావడం కష్టం. బిర్యానీకీ పెరుగన్నానికీ ఒకే కాగితం మీద మార్కులు వేయమంటే పెరుగన్నం ఓడిపోక ఏం చేస్తుంది? మే నెల మధ్యాహ్నం ఎండన పడి ఇంటికొచ్చినవాడికి ఏది కావాలో ఆ కాగితం చెప్పదు. అందుకే ముందు మీ నాలుకకీ ఆ పూటకీ సరిపడే రకం ఏదో తేల్చుకోండి. మార్కుల సంగతి ఆ రకం లోపలే.

డబ్బా తిప్పి చూడాల్సినవి

మొదటిది ఆల్కహాలు శాతం, దాంతోపాటు డబ్బా సైజు. అమెరికాలో ఒక డ్రింకు అంటే 5 శాతం బీరు 355 మిల్లీలీటర్లు, అంటే 14 గ్రాముల ఆల్కహాలు. క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీల బీరు, చాలావరకు 473 మిల్లీలీటర్ల పొడుగు డబ్బాల్లో వస్తుంది. అందులో 8 శాతం డబుల్ ఐపీఏ ఉంటే అది ఒకటి కాదు, రెండు డ్రింకులు దాటింది. 14 శాతం స్టౌట్ చిన్న సీసా అయినా దగ్గరదగ్గర మూడు. "ఒక్కటే కదా తాగాను" అని కారు తాళం తీసేవాళ్ళు ఈ లెక్క తెలియకే తీస్తారు. బండి నడిపేవాళ్ళ రక్తంలో ఆల్కహాలు హద్దు దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08 శాతం, యూటాలో 0.05. వీసా మీద ఉన్నవాళ్ళకి డీయూఐ (తాగి నడిపిన) కేసు కోర్టులో జరిమానాతో తీరదు, వీసా రద్దు దాకా పోగలదు. నలుగురు కూడి రకరకాల బీర్లు రుచి చూసే టేస్టింగ్ ఏదైనా ఉంటే మనింట్లో పెట్టుకుని, వచ్చినవాళ్ళని రాత్రికి అక్కడే పడుకోబెట్టడం మేలు.

రెండోది తేదీ. ఇది చాలామంది చూడరు. ఐపీఏని కల్లులాగా చూడాలి. పొద్దున దింపిన కల్లు పొద్దునే తాగాలి, సాయంత్రానికి దాని గుణం వేరు. ఐపీఏకి రోజులు కాదు గానీ నెలలే గడువు. బీరుకి చేదూ పరిమళమూ ఇచ్చేవి హాప్స్ పూలు; వాటి వాసన ముందు పోతుంది, తరవాత తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. డబ్బా అడుగున తయారైన తేదీ మూడు నెలలు దాటి ఉంటే నేను ముట్టుకోను, డిస్కౌంట్ ఇచ్చినా సరే. ఎండ కూడా శత్రువే. వెలుతురు హాప్స్ మీద పడితే బీరుకి ఒక రకమైన కుళ్ళు కంపు పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసా వాడేది అందుకే. డబ్బాకి ఆ బాధ లేదు, కానీ వేడికి డబ్బా కూడా ఏం చేయలేదు. ఒక వేసవిలో నాలుగు మంచి ఐపీఏలు కారు డిక్కీలో మూడు రోజులు మర్చిపోయాను. నాలుగో రోజు తాగితే ఉడకబెట్టిన కూరగాయల నీళ్ళు.

ఐబీయూ అని ఇంకో అంకె కనిపిస్తుంది, చేదు కొలత అంటారు. దాన్ని పెద్దగా పట్టించుకోకండి. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి ఎక్కువున్న స్టౌట్‌లో 60 కూడా నాలుకకి తెలియదు, పల్చటి పిల్స్‌నర్‌లో 40 కూడా గట్టిగా తగులుతుంది.

పేల్ ఏల్ దగ్గర మొదలుపెట్టండి

1970ల చివరికి అమెరికా మొత్తం మీద వంద బ్రూవరీలు కూడా లేవు. ఉన్నవన్నీ దాదాపు ఒకే రకం పల్చటి లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) కాసేవి. ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. మధ్యలో ఏం జరిగిందంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న యాంకర్ బ్రూవరీని 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ కొని నిలబెట్టాడు. 1976లో కాలిఫోర్నియాలోనే సొనోమాలో జాక్ మెకాలిఫ్ న్యూ ఆల్బియన్ అని ఒక బుల్లి బ్రూవరీ పెట్టాడు. అది ఎక్కువ కాలం నడవలేదు గానీ చూసినవాళ్ళకి ధైర్యమిచ్చింది. ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదని 1978లో చట్టం వచ్చింది. 1980లో కాలిఫోర్నియాలోని చీకోలో కెన్ గ్రాస్‌మన్ సియెరా నెవాడా పేల్ ఏల్ కాశాడు (ఏల్ అంటే లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే బీరు).

ఆ బీరులో వేసిన క్యాస్కేడ్ హాప్స్ అమెరికాలోనే పెంచి 1972లో విడుదల చేసిన రకం. గోరుతో పంపరపనస తొక్క గీకితే వచ్చే వాసన, వెనకాల కొంచెం గుగ్గిలం. అదే తరవాత అమెరికన్ క్రాఫ్ట్ బీరు వాసన అయిపోయింది. 5.6 శాతం, ఎక్కడైనా దొరుకుతుంది, ధర కూడా అందుబాటులోనే. ఏ రకం కావాలో తెలియనివాడికి నేను ముందు దీన్నే పోస్తాను. ఇది చేదనిపిస్తే గోధుమ బీర్ల వైపు, "ఇంకా కావాలి" అనిపిస్తే ఐపీఏల వైపు, "ఈ వాసనే వద్దు" అంటే లాగర్ల వైపు పంపిస్తాను.

ఐపీఏల్లో రెండు దారులు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే షాపులో సగం అరలు ఇవే.

హాప్స్ ఎప్పుడు వేశారన్నదాన్ని బట్టి బీరు మారిపోతుంది. మరిగేటప్పుడు మొదట్లో వేస్తే చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది. చివర్లోనో, పులిసిన తరవాత చల్లగానో వేస్తే చేదు తక్కువ, వాసన ఎక్కువ. కరివేపాకు పోపులో వేయించడానికీ కొత్తిమీర దించేముందు చల్లడానికీ ఉన్న తేడా. డెలవేర్‌లో డాగ్‌ఫిష్ హెడ్ బ్రూవరీ పెట్టిన శామ్ కలజోనీ, మరుగుతున్నంతసేపూ కొంచెం కొంచెంగా వేస్తే ఎలా ఉంటుందో చూద్దామని, కరెంటుతో వణికే పాత ఫుట్‌బాల్ ఆటబొమ్మని వాలుగా కట్టి దానిమీంచి హాప్స్ రాలేలా చేశాడు. 60 మినిట్, 90 మినిట్ ఐపీఏలు ఆ పిచ్చిలోంచి వచ్చినవే. 60 మినిట్ 6 శాతం, ఇప్పటికీ మర్యాదైన బీరు. 90 మినిట్ 9 శాతం, మర్యాద తప్పిస్తుంది.

వెస్ట్ కోస్ట్ ఐపీఏ తేటగా, తీపి లేకుండా పొడిగా, చేదు ముందుకొచ్చి ఉంటుంది. కాకరకాయ వేపుడు అడిగి వేయించుకునేవాళ్ళకి, పంచదార లేని డికాక్షన్ తాగేవాళ్ళకి ఇది వెంటనే నచ్చుతుంది. ఈ దారిలో శిఖరం కాలిఫోర్నియా శాంటా రోజాలోని రష్యన్ రివర్ వాళ్ళ ప్లైనీ ది ఎల్డర్, 8 శాతం డబుల్ ఐపీఏ. హాప్స్ గురించి రాశాడని చెప్పే రోమన్ పండితుడి పేరు పెట్టారు. దాచుకోవద్దు, తాజాగా తాగండి అని సీసా మీదే మొత్తుకుంటారు. అది దొరకనిచోట మిషిగన్ బెల్స్ వాళ్ళ టూ హార్టెడ్ తీసుకోండి. 7 శాతం, సెంటెన్నియల్ అనే ఒక్క రకం హాప్సే వాడతారు, దేశంలో చాలాచోట్ల దొరుకుతుంది. ఎంత పేరున్నా ఊరికే ఎగబడాల్సిన పని లేదన్నది నా అభిప్రాయం. తాజా టూ హార్టెడ్‌కీ రెండు నెలల ప్లైనీకీ పోటీ పెడితే నేను టూ హార్టెడ్ తీసుకుంటాను.

న్యూ ఇంగ్లండ్ ఐపీఏ, అందరూ హేజీ అనేది, మబ్బుగా ఉంటుంది. ఓట్స్, గోధుమ ఎక్కువ వేస్తారు, హాప్స్ ఆలస్యంగా గుమ్మరిస్తారు. చేదు బాగా తక్కువ, మామిడి, అనాస, బత్తాయి వాసనలు ఎక్కువ. వెర్మాంట్‌లో ది ఆల్కెమిస్ట్ వాళ్ళ హెడీ టాపర్ దీనికి తాత. 2011లో తుఫాను వరదకి వాళ్ళ పబ్బు కొట్టుకుపోయింది. కొద్దిరోజులకే కొత్త చోట డబ్బాల్లో నింపడం మొదలుపెట్టారు. గ్లాసులో పోసుకోకుండా డబ్బాతోనే తాగమని దానిమీద రాసి ఉంటుంది. ఆ ఒక్క మాటా నేను వినను, ముక్కుకి అందని బీరుకి అంత హాప్స్ ఎందుకు? పోటీల్లో దీన్ని వేరే రకంగా 2018లో గానీ ఒప్పుకోలేదు.

చేదు పడనివాళ్ళు, బీరంటే ముఖం చిట్లించేవాళ్ళు హేజీతో తేలిగ్గా దారికొస్తారు. కానీ ఇది తొందరగా చెడుతుంది. రంగు బురదగా మారి, పండు వాసన పోయి, గొంతులో గరుకు మిగులుతుంది. అందుకని దూరం నుంచి వచ్చిన ఖరీదైన హేజీ కంటే మీ ఊరి ట్యాప్‌రూమ్‌లో (బ్రూవరీలోనే బీరు పోసే గదిలో) పోయిన వారం నింపిన హేజీ మంచిది. వెస్ట్ కోస్ట్‌కి అయినా కొంచెం ఓపిక ఉంటుంది గానీ దీనికి అసలు లేదు.

లాగరు, పిల్స్‌నరు

కింగ్‌ఫిషర్‌కి అలవాటు పడ్డ నాలుక ఇక్కడ ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, ఇల్లు మాత్రం శుభ్రంగా తుడిచి ఉంటుంది. జిమ్ కోక్ 1984లో తన వంశంలో తాతముత్తాతల నాటి రెసిపీతో మొదలుపెట్టిన శామ్యూల్ ఆడమ్స్ బోస్టన్ లాగర్ కొంచెం మాల్ట్ తీపితో, కాల్చిన రొట్టె వాసనతో ఉంటుంది. పెన్సిల్వేనియాలో విక్టరీ వాళ్ళ ప్రైమా పిల్స్, కాలిఫోర్నియాలో ఫైర్‌స్టోన్ వాకర్ వాళ్ళ పివో, రెండూ 5.3 శాతం, హాప్స్ పూల వాసన పలచగా, ముగింపు కరకరలాడుతూ.

వారాల తరబడి చల్లగా పులియబెట్టే ఈ బీరులో తప్పు దాచడానికి చోటు లేదు. స్టౌట్‌లో ఏదైనా పొరపాటు జరిగితే చాక్లెట్ కప్పేస్తుంది, ఐపీఏలో హాప్స్ కప్పేస్తాయి. మసాలా వేస్తే చాలా తప్పులు సర్దుకుంటాయి, ఉత్త ముద్దపప్పులో ఉప్పు తప్పితే పిల్లలు కూడా పట్టేస్తారు కదా. కొత్త బ్రూవరీకి వెళ్తే నేను మొదట వాళ్ళ పిల్స్‌నర్ ఒక చిన్న గ్లాసు అడుగుతాను. అది బాగుంటే మిగతావి కళ్ళు మూసుకుని తాగొచ్చు.

గోధుమ బీర్లు, పుల్ల బీర్లు

మన తిండితో కలిసి కూర్చునేవి ఇవే. చేదూ ఆల్కహాలూ రెండూ కారాన్ని ఇంకా మండిస్తాయి, కాబట్టి గుంటూరు కోడి వేపుడు పక్కన డబుల్ ఐపీఏ పెడితే నోరు కాలిపోతుంది. అదే గోధుమ బీరు అయితే మజ్జిగలా సర్దుతుంది. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1995లో రాబ్ టాడ్ మొదలుపెట్టిన అలగాష్ వైట్‌లో నారింజ తొక్కతోపాటు మన ధనియాలే వేస్తారు. 5.2 శాతం. చికెన్ పకోడీ, మిరపకాయ బజ్జీ, జంతికలు, దేనికైనా సై. జర్మన్ పద్ధతి గోధుమ బీరు హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అవి వేయరు, ఈస్టే పుట్టిస్తుంది. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు ఆస్టిన్‌లోని లైవ్ ఓక్ హెఫెవైజెన్ తాగకుండా ఉండకండి. అరటిపండు వాసన పడనివాళ్ళకి బెల్స్ వాళ్ళ ఓబెరాన్ లాంటి అమెరికన్ గోధుమ బీరు సరిపోతుంది.

గోసె జర్మనీలో పుట్టి అక్కడ అంతరించేదాకా వచ్చి, మళ్ళీ ప్రాణం పోసుకుని అమెరికాలో స్థిరపడింది. ఉప్పు, ధనియాలు, పులుపు. ఆ పులుపు తెచ్చేది పెరుగు తోడుకి బంధువైన బ్యాక్టీరియా. ఉప్పేసిన నిమ్మ సోడా తాగి పెరిగినవాళ్ళకి ఇది పరిచయం చేయనక్కర్లేదు. యాండర్సన్ వ్యాలీ వాళ్ళ బ్లడ్ ఆరెంజ్ గోసె 4.2 శాతం. డాగ్‌ఫిష్ హెడ్ వాళ్ళ సీక్వెంచ్ 4.9 శాతం, నిమ్మ పులుపు బాగా తగులుతుంది. పీపాల్లో నెలలూ ఏళ్ళూ మగ్గబెట్టిన పుల్ల బీర్లు వేరే లోకం. కొలరాడోలో న్యూ బెల్జియం వాళ్ళ లా ఫోలీ, ఆస్టిన్ దగ్గర జెస్టర్ కింగ్ వాళ్ళవి అలాంటివి. మధ్యాహ్నం దాటిన ఈత కల్లు ఇష్టంగా తాగినవాళ్ళు తప్ప మొదటిసారే వీటి జోలికి వెళ్ళకండి.

నల్ల బీర్లు

నలుపు చూసి గట్టివేమో అని భయపడతారు. రంగు కాల్చిన బార్లీది, దానికీ ఆల్కహాలుకీ సంబంధం లేదు. ఆరెగాన్‌లోని బెండ్‌లో డెష్యూట్స్ వాళ్ళు కాసే బ్లాక్ బ్యూట్ పోర్టర్ (పోర్టర్ అంటే స్టౌట్‌కి దగ్గర చుట్టం) నల్లగా ఉన్నా చాలా హేజీల కంటే సాత్వికం. ఫిల్టర్ కాఫీ మనుషులకి కొలరాడో లెఫ్ట్ హ్యాండ్ వాళ్ళ మిల్క్ స్టౌట్ నైట్రో, అంటే నైట్రోజన్ నింపింది. 6 శాతం, సీసా తలకిందులు చేసి గట్టిగా పోస్తే మీగడలాంటి నురగ కడుతుంది. అందులో పాల చక్కెర ఉంటుంది, పాలు పడనివాళ్ళు చూసుకోవాలి. మిషిగన్ ఫౌండర్స్ వాళ్ళ బ్రేక్‌ఫస్ట్ స్టౌట్ 8.3 శాతం, ఓట్స్, కాఫీ, చాక్లెట్ అన్నీ ఉన్నాయి.

ఇక షికాగో గూస్ ఐలండ్ వాళ్ళ బర్బన్ కౌంటీ స్టౌట్. థాంక్స్‌గివింగ్ మర్నాడు విడుదల చేస్తారు, జనం వరస కడతారు. బర్బన్ ఖాళీ పీపాల్లో మగ్గుతుంది. వెనిలా, బెల్లం పాకం, కాలిన కొబ్బరి. మొదటి గుక్కకి 5 కి 5 వేస్తారు, మూడో గుక్కకి పక్కవాడికి అందిస్తారు. సీసా నలుగురు పంచుకుంటేనే సుఖం. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగి తాగండి. ఒక ముక్క చెప్పాలి: గూస్ ఐలండ్‌ని 2011లో బడ్‌వైజర్ కంపెనీ కొనేసింది. అమెరికా బ్రూవరీల సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ లెక్కలో క్రాఫ్ట్ అంటే ఏడాదికి అరవై లక్షల బ్యారెళ్ళ లోపు కాయాలి, క్రాఫ్ట్ కాని మద్యం కంపెనీ వాటా 25 శాతం లోపు ఉండాలి. ఆ లెక్కన ఇది క్రాఫ్ట్ కాదు. నాలుకకి ఆ సంగతి పట్టదు, మీ డబ్బు ఎవరికి పోవాలన్నది మీ ఇష్టం.

మార్కులు వేయడం

బీరు జడ్జీలని తయారుచేసే బీజేసీపీ వాళ్ళ కాగితంలో మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఆనినప్పటి చిక్కదనానికి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ మెచ్చే రంగూ నురగా కలిపి మూడే మార్కులని గమనించారా? పైగా ఆ మార్కులు "ఈ రకం ఎలా ఉండాలో అలా ఉందా" అన్న ప్రశ్నకి. స్టౌట్‌లా లేదని పిల్స్‌నర్‌కి ఎవరూ తగ్గించరు.

ఇంట్లో చేయాలంటే నలుగురు చాలు, బీర్లు ఆరు మించొద్దు. మనిషికి 90 మిల్లీలీటర్లు పోయండి. పల్చటిదాంతో మొదలుపెట్టి చిక్కటివైపు, చేదు తక్కువ నుంచి ఎక్కువకి వెళ్ళాలి. మధ్యలో నీళ్ళు, ఉప్పులేని మరమరాలు. బజ్జీలు మార్కులయ్యాకే. సాంబ్రాణి వెలిగించిన గదిలో, తాలింపు ఘాటున్న వంటింట్లో కూర్చోవద్దు, ముక్కు పనిచేయదు. గ్లాసులో పోయగానే ముందు వాసన చూడండి, అది మొదటి నిమిషంలోనే బాగా తెలుస్తుంది. లోపాలకి పేర్లు తెలిసి ఉంటే మాట కలుస్తుంది: వెన్న వాసన వస్తే ఈస్టుకి సరిపడా సమయం ఇవ్వలేదు, ఉడికిన మొక్కజొన్న వాసన లాగర్లలో వస్తుంటుంది, పచ్చి యాపిల్ అంటే ఇంకా పచ్చిగా ఉంది, తడి అట్ట అంటే పాతబడింది.

మేము గరాజ్‌లో పెట్టుకున్న మొదటి టేస్టింగ్‌లో మా తోడల్లుడు హేజీ తప్ప వేరేది బీరే కాదన్నాడు. సీసాలకి కాగితం సంచులు తొడిగి, వాటిమీద అంకెలు మాత్రం వేసి పోశాను. ఆయన ఎక్కువ మార్కులు వేసింది మూడో నంబరుకి. సంచి తీస్తే ప్రైమా పిల్స్. "సంచులు మార్చేశావు బావా" అని ఇప్పటికీ అంటాడు.

ఆ కాగితంలో లేని మార్కు నేను ఒకటి కలుపుకున్నాను. టేస్టింగ్ అయిపోయి, బిర్యానీ మూత తీశాక, మిగిలిన సీసాల్లో ఏది ముందు ఖాళీ అవుతుందో చూస్తాను. మా గరాజ్‌లో ఇంతవరకు ఒక్కసారి కూడా బర్బన్ స్టౌట్ ముందు అయిపోలేదు.

మొదటిసారి కొనేవాళ్ళు సిక్స్ ప్యాకులు ఎత్తుకోకండి. చాలా షాపుల్లో విడి డబ్బాలు ఏరుకుని ఆరు కలిపి తీసుకోవచ్చు. సియెరా నెవాడా పేల్ ఏల్, ఒక పిల్స్‌నర్, అలగాష్ వైట్, ఒక గోసె, మీ ఊరి హేజీ, ఒక పోర్టర్. వెస్ట్ కోస్ట్ ఐపీఏ రెండో విడతకి ఉంచండి, పేల్ ఏల్ నచ్చితేనే. హేజీ ఆ వారంలోనే తాగేయండి. గట్టి స్టౌట్ ఎవరైనా బహుమతిగా ఇస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు, ఫ్రిజ్ అడుగు అరలో వెనక్కి తోసి చలికాలం దాకా మర్చిపోవచ్చు.